మూడో మాట నాది

గుడ్ ఫ్రైడే నాడు మా సంఘంలో ఏడు మాటలు ఏడుగురు చెప్తారు. యేసుప్రభువు సిలువ మీద పలికిన మాటలవి. ఒక్కొక్కరు ఒక్కో మాట తీసుకుని మైకు ముందు నిలబడి ధ్యానం చెప్పాలి. మధ్యాహ్నం పన్నెండింటికి మొదలుపెట్టి మూడింటికి ముగించాలని రూలు. ఏ ఏడూ ముగిసింది లేదు. క్షమాపణ మాట చెప్పే రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఊళ్ళో ఒక్కొక్కరినీ పేరుపేరునా దులిపితే గానీ క్షమాపణ దగ్గరికి రారు. రేకుల కప్పు కింద ఫ్యాన్లు వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతుంటాయి. ఉపవాసమున్న ముసలమ్మలు నాలుగో మాటకల్లా గోడకు ఒరిగి కునుకు తీస్తుంటారు.

మూడో మాట నాది. తల్లిని చూపించి, ఇక ఈమె నీ తల్లి అని శిష్యుడికి అప్పగించిన మాట. మా ఆయన పాస్టరుగా ఈ ఊరికి వచ్చిన మొదటి ఏడే, తల్లి మాట తల్లే చెప్పాలని పెద్దలు నిర్ణయించారు. హుజూర్‌నగర్ దాటి పాలకీడు వైపు పోయే దారిలో ఉన్న ఊరు మాది. ఇక్కడ పాస్టరు భార్యకు జీతం లేని ఉద్యోగాలు బోలెడు. పెళ్ళిచూపులకు పెద్దమనిషి, పురిట్లో తోడు, చావింట్లో ఓదార్పు, వీటితో పాటు ఏటా ఒక మూడో మాట. మొదటిసారి చెప్పినప్పుడు మా అబ్బాయి నా కొంగు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. వదిలి కూర్చోరా అంటే వదల్లేదు. తల్లి మాట చెప్తుంటే అట్లా ఉండడమే బాగుందని అందరూ ముచ్చటపడ్డారు.

ఈ ఏడు ఆ మాట చెప్పనని మా ఆయనకు తేల్చి చెప్పేశాను. మా అబ్బాయి పోయి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు.

జనవరి మంచులో, పొద్దుటి షిఫ్టుకు బండి మీద పోతున్నాడు. మేళ్లచెరువు పక్కన సిమెంటు లారీల లోడింగు దగ్గర పని. రోడ్డు మీద లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ వాడికి కనబడలేదు. సూర్యాపేట దవాఖానలో మూడు రోజులున్నాడు. ఆ మూడు రోజులూ మా సంఘంలో పొయ్యి వెలగని ఇళ్ళు చాలా ఉన్నాయి. ఉపవాస ప్రార్థన పెట్టారు. ఆటోలు మాట్లాడుకుని వంతులవారీగా సూర్యాపేట వచ్చి వరండాలో మోకాళ్ళ మీద కూర్చున్నారు.

అందరిలోకి గట్టిగా ప్రార్థన చేసింది పాలకీడు పెద్దమ్మ. నాట్లకు, మిరప కోతకు కూలికి పోయే ముసలామె. భర్త లేడు, చదువు రాదు. పాలకీడు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి నలభై ఏళ్ళయినా పిలుపు అట్లాగే నిలిచిపోయింది. ఆమె ప్రార్థనలో మాలాగా గ్రంథం మాటలుండవు. పొలం గట్టు మీద నిలబడి మేస్త్రీని అడిగినట్టు దేవుణ్ణి అడుగుతుంది. ఆ వరండాలో కొంగు నడుముకు చుట్టి, రెండు చేతులూ పైకెత్తి ఒకటే మాట అన్నది.

"తండ్రీ, బిడ్డను తల్లికి అప్పజెప్పు."

నర్సు వచ్చి అరవొద్దని కసిరింది. పెద్దమ్మ గొంతు తగ్గించింది గానీ మాట ఆపలేదు. ఆమె అన్న ప్రతిసారీ నేను ఆమేన్ అన్నాను. నా జన్మలో అంత గట్టిగా ఆమేన్ అన్నది లేదు. నమ్మాను కూడా. ఏదో మాట వరసకు కాదు, నిజంగా నమ్మాను. ఇంటికి తీసుకుపోయేటప్పుడు వెనక సీట్లో పడుకోబెట్టాలా, ముందు కూర్చోబెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

మూడో రోజు సాయంత్రం లోపలికి పిలిచారు. వాడి ముఖం మీద తెల్లబట్ట కప్పి ఉంది. నేను తీశాను. ఎవరో మళ్ళీ కప్పారు. మళ్ళీ తీశాను. అప్పుడు మా ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. ఇన్నేళ్ళూ చావిళ్ళకు పోయి నేను చెప్పిన ఓదార్పు మాటలన్నీ వరుసగా మా గుమ్మంలోకి వచ్చాయి. మంచి పువ్వులనే దేవుడు ముందు కోసుకుంటాడని ఒకామె అన్నది. ఆయనకు తోట లేదా, నా పెరట్లోకే రావాలా అని అడిగాను. ఆమె బిత్తరపోయి చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి సంగతి ఊరికి ముందే తెలుసు. కాకపోతే అంతకుముందు అది కూరగాయల బండివాడితోనూ, పంచాయతీ నీళ్ళ దగ్గరా లేచేది. దేవుడి మీద లేవడం అదే మొదటిసారి. సాయంత్రానికల్లా ఆ మాట హుజూర్‌నగర్ చేరింది. పాస్టరమ్మే ఇట్లా మాట్లాడితే ఇక మనమెట్లా నిలబడాలని జనం అనుకుంటున్నారట.

ఆ తర్వాత ఓదార్పులు ఆగిపోయాయి. వాటితో పాటు మా అబ్బాయి పేరు కూడా ఆగిపోయింది. నన్ను బాధపెట్టకూడదని అందరూ కూడబలుక్కున్నట్టు ఎవరూ వాడి పేరెత్తేవారు కాదు. చర్చిలో వాడు వాయించే కీబోర్డు మీద ఎవరో దుప్పటి కప్పారు. నేను బోరింగు దగ్గరికి పోతే, కొడుకుల గురించి మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళు చటుక్కున ఎండల మీదికి మాట మార్చేవారు. వాళ్ళది మంచితనమే. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండేది. వాడు ఇరవై రెండేళ్ళు ఈ ఊళ్ళోనే తిరిగాడు, పాటలు పాడాడు, వీళ్ళందరి పెళ్ళిళ్ళలో వాయించాడు, వీళ్ళ ఇళ్ళల్లో అన్నం తిన్నాడు. మూడు నెలలకే అసలు పుట్టనివాడైపోయాడు.

మా ఆయన మీద కోపం ఇంకో రకం. సమాధి దగ్గర ప్రార్థన ఆయనే చేశాడు. సొంత కొడుకు మీద మొదటి పిడికెడు మన్ను వేస్తున్నప్పుడు కూడా ఆయన గొంతు వణకలేదు. ఎట్లా చేయగలిగావని ఆ వారంలోనే అడిగాను. నా గొంతు వణికితే వెనక నిలబడ్డవాళ్ళంతా కూలిపోతారు, నువ్వు కూడా అన్నాడు. కూలిపోనీ అన్నాను.

ఆ రోజు నుంచి నేను చర్చి గడప తొక్కలేదు. మా ఇంటికీ చర్చికీ మధ్య ఒక వేపచెట్టు, ఒక నీళ్ళ తొట్టి, అంతే దూరం. ఆదివారం పాటలు మా వంటింట్లోకి వినబడతాయి. నేను పప్పు కడుగుతూనే ఉండేదాన్ని. రోజూ రాత్రి భోజనానికి ముందు మా ఆయన ప్రార్థన చేస్తాడు. చివర ఒక్క క్షణం ఆగుతాడు, నా ఆమేన్ కోసం. నేను అనను. ఆయన ఒక్కడే ఆమేన్ అనుకుని కంచం దగ్గరికి లాక్కుంటాడు. మూడు నెలలు మా ఇంట్లో జరిగిన యుద్ధమంతా ఆ ఒక్క క్షణంలోనే జరిగింది.

గుడ్ ఫ్రైడేకు ముందు వచ్చే మట్టల ఆదివారం దాటాక హెడ్మాస్టరు గారు మా ఆయన దగ్గరికి వచ్చి నెమ్మదిగా విషయం కదిపారు. అమ్మగారు శుక్రవారం కూడా రాకపోతే సంఘానికి ఏమని చెప్పాలన్నారు. నేను లోపలి గదిలో నుంచి వింటున్నాను. ఆమె కొడుకు పోయాడని చెప్పండి, సంఘానికి అది గుర్తు లేకపోతే, అన్నాడు మా ఆయన. ఆయన అట్లా గొంతు పెంచడం నేను అరుదుగా విన్నాను. అయినా నా మనసు కరగలేదు. మిర్యాలగూడలో మా అక్క ఉంది. వచ్చి ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళుండు, అసలు పోనే పోకు అంటూ ఒక గది ఖాళీ చేసి పెట్టింది. శుక్రవారానికి ముందే పోవాలనుకున్నాను. శుక్రవారం మైకు ముందు నిలబడకపోతే ఇక ఏనాడూ నిలబడనని నాకు తెలుసు. ఈ సంఘంలో గానీ, ఏ సంఘంలో గానీ.

మా ఆయనకూ తెలుసు. బుధవారం నేను సంచి సర్దుతుంటే గుమ్మంలో నిలబడి చూశాడు.

"వెళ్ళాలనుంటే వెళ్ళు. నేను ఆపను," అన్నాడు. "మూడో మాట మాత్రం ఇంకెవరికీ ఇవ్వను. ఆ టైముకు మైకు ఖాళీగా ఉంటుంది. ఖాళీగానే ఉండనీ."

బెదిరింపో బతిమాలడమో నాకు అర్థం కాలేదు. సంచి జిప్పు లాగేశాను.

ఇక ఫ్లెక్సీ సంగతి. ఏటా గుడ్ ఫ్రైడేకు చర్చి గేటుకు ఫ్లెక్సీ కడతారు. పైన సిలువ, కింద మాటలు చెప్పే ఏడుగురి ఫొటోలు గుండ్రాల్లో, వాటి కింద సంగీతం అని రాసి మా అబ్బాయి ఫొటో. ఈ ఏడు ఆ పని ఎరువుల దుకాణం నడిపే మా సంఘ పెద్ద మీద పడింది. దుకాణం పని మీద కోదాడ పోయినప్పుడు ఫ్లెక్సీలు కొట్టే చోట ఆగి, పోయినేటిది మీ కంప్యూటర్లో ఉంటుంది కదా, తేదీ మార్చి కొట్టండని చెప్పి పోయాడు. వాళ్ళు తేదీ మార్చి కొట్టారు. ఆయన చుట్టచుట్టినది చుట్టచుట్టినట్టే తెచ్చి, చీకటి పడ్డాక గేటుకు కట్టించి ఇంటికి పోయాడు.

గురువారం పొద్దున సంచి భుజానికి వేసుకుని బయటికొచ్చాను. హుజూర్‌నగర్ పోయి మిర్యాలగూడ బస్సెక్కాలి. గేటు దగ్గర ప్లాస్టిక్ స్టూలు మీద మా సంఘ పెద్ద నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో గమ్ము డబ్బా, ఇంకో చేతిలో తెల్లకాగితం. నాకు వీపు పెట్టి, ఫ్లెక్సీ మీద ఆ కాగితం అద్దుతున్నాడు. కాగితం అంచు పక్కన నీలం గళ్ళ చొక్కా భుజం కనబడింది. ఆ చొక్కా నేనే ఇస్త్రీ చేశాను.

కాళ్ళు ముందుకు పడలేదు. గొంతు మాత్రం లేచింది.

"అన్నా, ఆ కాగితం తీయి."

ఆయన తిరిగి చూసి స్టూలు మీదే వణికిపోయాడు. "తప్పయింది అమ్మగారూ. పోయినేడుది కొట్టమన్న, సూసుకోలే. మీరు లేవకముందే మూసేద్దామని వచ్చిన."

"మొకం మీద కప్పకు. ఒకసారి కప్పిన్రు, సాలు."

కాగితం తీశాడు. గమ్ము ఇంకా ఆరలేదు కాబట్టి సులువుగానే వచ్చింది. నుదుటి మీద ఒక తడి మరక మాత్రం మిగిలింది. వాడు నవ్వుతున్నాడు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఫొటోగ్రాఫరు చెప్పినట్టు పోజు పెట్టి, మొదటి మాట చెప్పే హెడ్మాస్టరు గారి కంటే తానే పెద్ద వక్తనన్నట్టు నవ్వుతున్నాడు. పైన మూడో గుండ్రంలో నేనున్నాను. నా ఫొటో కిందే వాడి ఫొటో.

అప్పటికి జనం పోగయ్యారు. మిరప తోటలకు కూలీలను తీసుకుపోయే ఆటో కూడా ఆగింది. మా ఆయన పరుగున వచ్చి పైకి చూసి, మొత్తం దించేద్దాం అన్నాడు. దించొద్దన్నాను. దించమని ఆయన, వద్దని నేను. ఊరి ముందు మేమిద్దరం ఎప్పుడూ అట్లా గొడవపడలేదు. మధ్యలో స్టూలు మీద ఆ పెద్దమనిషి, గమ్ము చేతితో, ఎవరి మాట వినాలో తెలియక చెమటలు కక్కుతున్నాడు. గుంపులో ఒకామె జాలిగానే, అమ్మగారూ, పోయినోళ్ళ ఫొటో బతికున్నోళ్ళ నడుమ ఉండొద్దంటరు, పోనీ ఒక దండన్న వేద్దామన్నది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"వాడు బతికున్నోళ్ళ నడుమ లేడని నీకెవరు చెప్పిన్రు?" అన్నాను.

అన్నాక నేనే ఆగిపోయాను. ఆ మాట నేను విశ్వాసంతో అనలేదు. ఆమె నోరు మూయించాలని అన్నాను. ఇన్నేళ్ళు చావిళ్ళల్లో అంతకంటే చక్కటి మాటలు చెప్పాను గానీ, వాటిలో ఒక్కటీ నా కడుపులో నుంచి రాలేదు. ఇది వచ్చింది. అందరూ నా వైపే చూస్తున్నారు. మా ఆయన కూడా.

అప్పుడు ఆటోలో నుంచి పాలకీడు పెద్దమ్మ దిగింది. సద్ది గిన్నె సంకలో పెట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది. దవాఖాన తర్వాత ఆమె మా ఇంటికి రాలేదు. వస్తే నేనేమంటానో అని భయపడి రాలేదని నాకు తెలుసు. నేను కూడా ఆమెను పిలవలేదు. ఆ వరండాలో అందరికంటే ఎక్కువ ఆశ పెట్టింది ఆమే కాబట్టి, అందరికంటే ఎక్కువ కోపం ఆమె మీదే ఉండింది.

"ఒకటి అడుగుత బిడ్డా, తిట్టకు," అన్నది. "గా దవాఖానల చేసిన ప్రార్థన నేనింక ఆపలే. పొద్దుగాల లేసినంక గదే, పండుకునేటప్పుడు గదే. బిడ్డను తల్లికి అప్పజెప్పు అని. పోయినోళ్ళ కోసం ప్రార్థన చేయొద్దని అయ్యగారు చెప్పిన్రు గదా. నాకేమో ఆపబుద్ధి అయితలేదు. నువ్వు ఆపమంటే ఆపుత."

ఆపు అనడానికి నాకు హక్కుంది. ఎవరి కొడుకని ప్రార్థన చేస్తున్నావు, ఏది అప్పజెప్పాడు నీ దేవుడు అని అడగడానికి కూడా హక్కుంది. ఆ ప్రశ్న నోటి దాకా వచ్చింది కూడా. ఆమె తల కొంచెం వంచి, దెబ్బకు సిద్ధపడ్డట్టు నిలబడి ఉంది. నేను ఆపు అంటే ఆమె నిజంగానే ఆపేస్తుంది, అట్లాంటి మనిషి. ఆపేస్తే, వాడి గురించి దేవుణ్ణి అడిగేవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరూ ఉండరు. నేను మానేశాను. మా ఆయన అడుగుతున్నాడో లేదో నాకు చెప్పడు. మిగిలింది ఈ మిరప కూలి ముసలమ్మ ఒక్కతే.

ఆటోవాడు హారన్ కొట్టాడు.

"నీ ఆటో పోతది, ఎక్కు పో," అన్నాను.

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి, ఇంకేమీ అడగకుండా పోయి ఆటో ఎక్కింది. ఎవరికి ఏమర్థమైందో తెలియదు గానీ, సంఘ పెద్ద స్టూలు దిగి గమ్ము డబ్బా మూత పెట్టాడు. ఫ్లెక్సీ దించమని మళ్ళీ ఎవరూ అనలేదు. నేను సంచి పట్టుకుని చాలాసేపు గేటు దగ్గరే నిలబడ్డాను. మిర్యాలగూడ బస్సు టైము దాటిపోయింది. మధ్యాహ్నం అక్క ఫోన్ చేసి ఎక్కడి దాకా వచ్చావంది. ఇంకా బయల్దేరలేదన్నాను. ఎప్పుడు బయల్దేరుతావంది. తెలియదన్నాను. అబద్ధం కాదు, నిజంగానే తెలియదు. సంచి సర్దినట్టే గుమ్మం పక్కన ఉంది.

శుక్రవారం తెల్లచీర కట్టుకున్నాను. గుడ్ ఫ్రైడేకు మా ఆడవాళ్ళంతా అదే కడతారు, అందుకని కట్టుకున్నాను, అంతే. పన్నెండింటికి గంట మోగాక వేపచెట్టు దాటి, పక్క తలుపులో నుంచి పోయి, చాపల మీద చివరి వరుసలో కూర్చున్నాను. కొన్ని తలలు తిరిగి, మళ్ళీ చటుక్కున ముందుకు తిరిగాయి. ముందు నా కోసం వేసే కుర్చీ ఖాళీగా ఉంది. హెడ్మాస్టరు గారు ఆ రోజు ఎవరినీ దులపలేదు. క్షమాపణ గురించి నాలుగు ముక్కలు చెప్పి, నాకేమీ రాదమ్మా ఇంతకంటే, అని ఎవరితో అన్నారో తెలియకుండా అనేసి కూర్చున్నారు. రెండో మాట కూడా తొందరగానే అయిపోయింది.

మా ఆయన లేచి, మూడో మాట అని చెప్పి కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. తలవంచుకుని ఒళ్ళో చేతులు పెట్టుకున్నాడు. ఖాళీ మైకులో నుంచి సన్నని గూయ్ మనే చప్పుడు వస్తూ ఉంది. పసిపిల్ల ఒకటి ఏడ్చింది, వాళ్ళమ్మ బయటికి ఎత్తుకుపోయింది. ఎవరూ పాట ఎత్తుకోలేదు, స్తోత్రం అనలేదు. తలుపు నాకు దగ్గర్లోనే ఉంది. లేచి అటు పోదామనుకున్నాను కూడా. లేచాను. అప్పుడు ముందు వరుసలో నుంచి పాలకీడు పెద్దమ్మ కొంచెం పక్కకు జరిగి, నేను నడవడానికి దారి ఇచ్చింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మైకు దగ్గరికి పోయి నిలబడ్డాను. ఏటా చెప్పే ధ్యానం నాకు నోటికి వచ్చు. తల్లి సిలువ కింద మౌనంగా నిలబడిందని, తల్లి విధేయత మనకు మాదిరి అని ఏటా చెప్పేదాన్ని. ఆ రోజు చెప్పలేదు. ఆమె మౌనంగా ఉందో లేదో నాకు తెలియదన్నాను. గుండెలు బాదుకుందేమో, మట్టి తీసి సైనికుల మీద విసిరిందేమో, దేవుణ్ణే తిట్టిందేమో, రాసినవాళ్ళకు రాయబుద్ధి కాలేదేమో అన్నాను. నాకు తెలిసింది ఒక్కటే. కొడుకు పైనుంచి ఆమెను చూసి ఏడవొద్దు అనలేదు. మంచి పువ్వు, దేవుని చిత్తం, ఇవేవీ చెప్పలేదు. ఈ మనిషి నీకు కొడుకు, పోయి ఆయన ఇంట్లో ఉండు అని ఒక ఏర్పాటు చేశాడు. ఊపిరి ఆడని మనిషి ఊపిరి ఖర్చు పెట్టి చేసిన ఏర్పాటు అది అన్నాను. మీరు నన్ను ఏడవొద్దని మూడు నెలలు చుట్టూ గోడ కట్టారు, నాకు గోడ వద్దు, ఎవరింట్లోనైనా కూర్చుని వాడి గురించి మాట్లాడుకోవాలని ఉంది అన్నాను.

తర్వాత సంఘ పెద్దను పిలిచి, ఆ కీబోర్డు మీది దుప్పటి తీయన్నా అన్నాను. తీశాడు. మూడు నెలల దుమ్ము లేచింది. నేను మా అబ్బాయి పేరు మైకులో పలికాను. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ రోజు అక్కడున్నవాళ్ళకు తెలుసు. చాపల మీద నుంచి ఎవరో ఆడమనిషి ఆ పేరే మళ్ళీ అన్నది. ఇంకొకరు అన్నారు. మగవాళ్ళ వైపు నుంచి అన్నారు. మా ఆయన రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు కదలడం వెనక వరుస దాకా కనిపించి ఉంటుంది. ఎవరూ కూలిపోలేదు.

ధ్యానం చివర ప్రార్థన చేసి ఆమేన్ చెప్పి దిగడం మా పద్ధతి. ప్రార్థన నాకు రాలేదు. ఇంతే అని చెప్పి దిగిపోయాను. నాలుగో మాట చెప్పాల్సినాయన లేచి నిలబడి కళ్ళు తుడుచుకున్నాకే మొదలుపెట్టాడు. ఆ రోజు ఏడు మాటలు మూడింటికే ముగిశాయని తర్వాత చెప్పుకున్నారు. నేను గడియారం చూడలేదు.

సంచి మాత్రం ఇంకా విప్పలేదు. శనివారమంతా అది గుమ్మం పక్కనే ఉంది. మా ఆయన దాన్ని దాటుకుంటూ అటూ ఇటూ తిరిగాడు.

ఈస్టరు నాడు కోడి కూసే వేళకు లేచి, కొవ్వొత్తులు పట్టుకుని, పాడుకుంటూ సమాధుల తోటకు పోవడం మా దగ్గర ఆచారం. సాగర్ కాలువ కట్ట దాటితే తోట. ఎవరి వాళ్ళ సమాధి దగ్గర వాళ్ళు కొవ్వొత్తి వెలిగించి నిలబడతారు. మా వాడిది ఇంకా కట్టలేదు. మట్టి దిబ్బ, దాని మీద చెక్క సిలువ. వానలు పడకముందే కట్టించాలని మా ఆయన రెండుసార్లు అంటే నేను విననట్టు ఊరుకున్నాను. అది కట్టిస్తే ఖాయమైపోతుందని నా భయం.

మేమిద్దరం దిబ్బకు చెరోవైపు నిలబడ్డాం. గాలికి కొవ్వొత్తి ఆరిపోతే మా ఆయన మళ్ళీ వెలిగించాడు. తూర్పున కొంచెం తెల్లబడుతుండగా ఆయన అందరికీ వినబడేలా పునరుత్థానం గురించి రెండు మాటలు చెప్పాడు. ఆయన గొంతు వణికింది. అప్పుడు పాలకీడు పెద్దమ్మ తన భర్త సమాధి దగ్గర నుంచి కదిలి మా దగ్గరికి వచ్చింది. చెప్పులు విడిచి, కొంగు నడుముకు చుట్టింది. ఆమె ఏం చేయబోతుందో నాకు అర్థమైంది. పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయకూడదని ఇదే జనానికి ఇన్నేళ్ళు బోధించిన పాస్టరు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయన ఒక్క మాట అంటే ఆమె ఆగిపోతుంది.

ఆయన ఆమె వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, తల దించుకున్నాడు.

పెద్దమ్మ రెండు చేతులూ పైకెత్తింది. సూర్యాపేట వరండాలో అన్నమాటే, ఒక్క అక్షరం మార్చకుండా అన్నది.

"తండ్రీ, బిడ్డను తల్లికి అప్పజెప్పు."

చుట్టూ ఎవరూ ఆమేన్ అనలేదు. అనొచ్చో లేదో వాళ్ళకు తెలియలేదు. మా ఆయన తనూ అనకుండా, అలవాటు ప్రకారం నా కోసం ఒక్క క్షణం ఆగాడు. మట్టి దిబ్బ మీద కొవ్వొత్తి ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆమేన్ అన్నాను.